పాఠం చెప్పించుకోకుండా ఇచ్చే ఉద్యోగం

ఈమధ్య ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. రాజమహేంద్రవరం నుంచి, ఒకప్పటి నా విద్యార్థిని. ఎమ్మే ఇంగ్లిష్, బీఈడీ చేసి, డీఎస్సీ రాసి కొద్ది మార్కుల్లో పోగొట్టుకుని, ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ ఇంటిపట్టున ఉంటోంది. "మాస్టారూ, ఇంకో ఆరు వేల రెండొందలు కడితే ఇప్పటిదాకా కట్టిందంతా తిరిగొస్తుందంటున్నారు. పొద్దున తొమ్మిదిలోగా కట్టాలట. కట్టేయమంటారా?" అని అడిగింది. గొంతులో భయం ఉంది. ఆ భయం అడుగున ఇంకా ఆశ మిగిలి ఉంది. ఆ ఆశే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

కట్టొద్దమ్మా, ఈ ఫోన్ పెట్టేసి వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయి అన్నాను. చేసింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఆమె ఈ ఊబిలోకి ఎలా దిగిందో వరసగా చెప్పాలి. ఇది చదువుతున్న ఇళ్ళలో ఎవరో ఒకరి ఫోన్‌లో అలాంటి సందేశమే ఈ వారం వచ్చి కూర్చుని ఉంటుంది.

బీఈడీ నాటి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన పడింది. ఆన్‌లైన్‌లో విదేశీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాలి, రోజుకు రెండు గంటలు, నెలకు 35,000, అనుభవం అక్కర్లేదు, గృహిణులకు ప్రాధాన్యం. కింద ఒక ఫోన్ నంబరు. మెసేజ్ పెడితే టెలిగ్రామ్‌కు రమ్మన్నారు. అక్కడ హెచ్ఆర్ మేడమ్ అనే పేరుతో ఒకరు పలికారు. మాట లేదు, ముఖం లేదు, ఇంటర్వ్యూ అంతా టైపింగులోనే. పేరు, వయసు, చదువు, రోజుకు ఎన్ని గంటలు ఖాళీ, ఏ బ్యాంకులో ఖాతా, యూపీఐ ఉందా, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా. ఏడు ప్రశ్నలు. అరగంటలో ఆఫర్ లెటర్ వచ్చింది. పైన రంగుల లోగో, కింద గుండ్రటి ముద్ర, ఆ ముద్రలో మూడు సింహాల గుర్తు కూడా ఉంది. ఒక ప్రైవేటు కంపెనీ ముద్రలో ప్రభుత్వ చిహ్నం ఎందుకుంటుందని ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో ఎవరికైనా తట్టదు.

తర్వాత రిజిస్ట్రేషన్‌కు 1,499. మొదటి జీతంతో తిరిగిస్తామన్నారు. రెండు రోజులాగి శిక్షణ సామగ్రికి 4,800. ఆపైన, కంపెనీ ల్యాప్‌టాప్ పంపిస్తోంది కాబట్టి దానికి డిపాజిట్ 12,500. చెవి జూకాలు కుదువపెట్టి కట్టింది. మొత్తం 18,799. ల్యాప్‌టాప్ రాలేదు. కస్టమ్స్‌లో ఆగిందట, విడిపించడానికి 6,200 కావాలట. ఆ రాత్రి ఫోన్ అందుకే.

నేను ఒక్కటే అడిగాను. "ఈ పది రోజుల్లో నీ చేత ఒక్క పాఠమైనా చెప్పించుకున్నారా?"

చాలాసేపు మాట రాలేదు. "లేదు మాస్టారూ" అంది.

ఈ సంపాదకీయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. టీచరును పెట్టుకోవాలనుకునేవాడు ఆ టీచరు పాఠం ఎలా చెబుతుందో చూస్తాడు. మన వీధి చివరి కాన్వెంటు కరస్పాండెంటు కూడా నాలుగు వేల జీతానికి తీసుకునేముందు ఆరో తరగతిలోకి పంపి, వెనక బెంచీలో కూర్చుని ఓ పీరియడ్ వింటాడు. తన పిల్లల చదువు, తన బడి పేరు ఆ మనిషి చేతిలో పెడుతున్నాడు మరి. నెలకు 35,000 ఇస్తానన్నవాడికి ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా అక్కర్లేకపోయిందంటే, వాడు టీచరు కోసం వెతకడం లేదు. ఏ ఉద్యోగం వచ్చినా వాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. అందులో మీ బోధన గురించినవెన్ని, మీ డబ్బు గురించీ బ్యాంకు గురించీ కార్డుల గురించీ ఉన్నవెన్ని, లెక్కపెట్టండి. నా విద్యార్థిని కాగితం మీద మొదటి రకం ప్రశ్న ఒక్కటీ లేదు.

చదువుకున్నవాళ్ళు, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు ఇలా ఎలా మోసపోతారని తేలిగ్గా అనేవాళ్ళున్నారు. ఆ మాట నాకు కోపం తెప్పిస్తుంది. 2021 ఏప్రిల్‌లో, కోవిడ్‌తో బడులు మూతబడినప్పుడు, తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. పీజీలు చేసినవాళ్ళు ఆ బియ్యం కోసం పేర్లు నమోదు చేయించుకున్నారు. అరటిపళ్ళ బండి పెట్టుకున్న లెక్కల మాస్టార్లను, ఉపాధి హామీ పనికి వెళ్ళిన తెలుగు పండితులను ఆ రోజుల్లో మనమంతా చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు వచ్చాయి, తెలంగాణలో 2024లో 11,062. దొరికినవాళ్ళు గట్టెక్కారు. దొరకని లక్షలమంది చేతిలో సర్టిఫికెట్లున్నాయి, ఫోనుంది, ఇంట్లో వైఫై ఉంది. పిల్లల్ని వదిలి బయటికి వెళ్ళలేని తల్లికి, బస్సు ఛార్జీలకే జీతంలో మూడో వంతు పోయే పల్లెటూరి టీచరుకు, ఇంట్లో కూర్చుని ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం అత్యాశ ఎలా అవుతుంది? అది న్యాయమైన కోరిక. అలాంటి ఉద్యోగాలు నిజంగా ఉన్నాయి కూడా. మోసగాడికి ఆ నిజమే పెట్టుబడి.

అందుకని నిజమైన నియామకం ఎలా ఉంటుందో ముందు తెలియాలి. మంచి నాణెం చేతిలో పట్టి చూసినవాళ్ళకే చెల్లని నాణెం తెలుస్తుంది. సంస్థ చిన్నదైనా పెద్దదైనా మొదట మీ వివరాలతో దరఖాస్తు, దానితోపాటు మీ గురించి మీరే మాట్లాడిన రెండు మూడు నిమిషాల వీడియో అడుగుతారు. మీ ఇంటర్నెట్ వేగం, హెడ్‌సెట్, వెనక గోడ, వెలుతురు ఎలా ఉన్నాయో చూస్తారు. ఆపైన డెమో. అవతల ఒక పెద్దమనిషి ఎనిమిదేళ్ళ పిల్లాడిలా కూర్చుని, కావాలని తప్పులు చెబుతూ, మధ్యలో దిక్కులు చూస్తూ మీ ఓపికను పరీక్షిస్తాడు. తప్పును ఎలా దిద్దారు, మీరు ఎక్కువ మాట్లాడారా పిల్లాడి చేత ఎక్కువ మాట్లాడించారా అన్నది గమనిస్తాడు. కొన్నిచోట్ల రెండోసారి డెమో అడుగుతారు. తర్వాత గుర్తింపు కార్డు సరిచూడటం, రాతపూర్వక ఒప్పందం, చివర బ్యాంకు వివరాలు. ఇదంతా కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మధ్యలో తిరస్కరించే అవకాశం కూడా ఉంటుంది. తిరస్కారానికి చోటే లేని ఇంటర్వ్యూ ఇంటర్వ్యూ కాదు.

డబ్బు ఎటునుంచి ఎటు పోతోందన్నది రెండో పరీక్ష. జీతం ఇచ్చేవాడు మీకు ఇవ్వాలి, అంతే. రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు, ఐడీ కార్డు ఛార్జీ, శిక్షణ రుసుము, సామగ్రి కిట్టు, ల్యాప్‌టాప్ డిపాజిట్, పోలీసు వెరిఫికేషన్ ఖర్చు, ఇవన్నీ ఒకే దోపిడీకి పెట్టిన రకరకాల పేర్లు. తిరిగిస్తాం అన్న మాట జతచేస్తే మరీ అనుమానించాలి, తిరిగిచ్చేదయితే మొదటి జీతంలో కోసుకోవచ్చు కదా. కట్టమన్న యూపీఐ చిరునామా మీద కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు కనబడితే అక్కడే ఆగిపోండి. ఇంకో మాట, ఫోన్ వాడే ప్రతి ఒక్కరికీ గుర్తుండాలి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ నొక్కక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయక్కర్లేదు. మీ జీతం టెస్ట్ చేస్తున్నాం, పిన్ కొట్టండి అన్నారంటే డబ్బు పోతున్నట్టే. స్క్రీన్ షేర్ చేసే యాప్ పెట్టించుకోమన్నా అంతే.

సర్టిఫికెట్ పేరిట జరిగేది కాస్త మర్యాదగా కనబడే దోపిడీ. మీకు ఉద్యోగం ఖాయం, అయితే మా దగ్గర టెఫిల్ కోర్సు చేయాలి, తొమ్మిది వేలు అంటారు. ఇతర భాషలవాళ్ళకు ఇంగ్లిష్ చెప్పడంలో 120 గంటల శిక్షణ అనే కొలత ప్రపంచంలో వాడుకలో ఉన్న మాట నిజం. కేంబ్రిడ్జి వారి సెల్టా లాంటి కోర్సులో మీ చేత నిజమైన విద్యార్థులకు పాఠాలు చెప్పించి, చూసి, దిద్దుతారు. దాని విలువ వేరు. అయితే ప్రపంచంలోని టెఫిల్ కోర్సులన్నిటికీ గుర్తింపునిచ్చే ఒక్క అధికార సంస్థ అంటూ లేదు. ఎవరైనా ఒక పేరు పెట్టుకుని, ఒక ముద్ర గుద్ది, సర్టిఫికెట్ అమ్మవచ్చు. ఉద్యోగమూ కోర్సూ ఒకే కొట్లో అమ్ముతున్నారంటే, అక్కడ అసలు సరుకు కోర్సే. ఇంగ్లిష్ బోధనలో నిజంగా పదును పెట్టుకోవాలనుకునేవారికి మన హైదరాబాదులోనే ఇఫ్లూ ఉంది. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, సీఫెల్‌గా పేరు మోసి, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయంగా మారింది. మన రాష్ట్రాల్లో ఎన్నో తరాల ఇంగ్లిష్ లెక్చరర్లు అక్కడ తర్ఫీదైనవాళ్ళే. ఊరూపేరూ లేని సంస్థకు తొమ్మిది వేలు పంపేముందు అక్కడ ఏ కోర్సులున్నాయో ఒకసారి కనుక్కోండి.

సంస్థ నిజమైనదో కాదో తెలుసుకోవడం కష్టం కాదు, అరగంట పని. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో పేరు కొడితే అది నమోదైందా, ఎప్పుడు నమోదైంది, చిరునామా ఏది అన్నవి కనిపిస్తాయి. జీఎస్టీ నంబరు ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో వేసి చూడండి, ఎవరి పేరు మీద ఉందో ఉచితంగా తెలుస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. నమోదై ఉండటం నిజాయతీకి రుజువు కాదు, ఫలానా పేరుతో ఒక కాగితం ఉందని మాత్రమే. మరీ ముఖ్యంగా, మోసగాళ్ళు చాలాసార్లు పేరున్న కంపెనీ పేరే వాడుకుంటారు. ఆ కంపెనీ నిజమే, మీతో మాట్లాడుతున్నవాడు దాని మనిషి కాడు. కాబట్టి వాళ్ళు పంపిన లింకు నొక్కకుండా, ఆ కంపెనీ సొంత వెబ్‌సైటుకు మీ అంతట మీరు వెళ్ళి, ఉద్యోగాల పేజీలో ఆ ప్రకటన ఉందో లేదో చూడండి. అక్కడున్న చిరునామాకే మెయిల్ పెట్టి అడగండి. ఆఫర్ లెటర్ మామూలు జీమెయిల్ నుంచి వచ్చిందా, కంపెనీ సొంత మెయిల్ నుంచా అన్నది గమనించండి. ఒక్క అక్షరం మార్చిన దొంగ చిరునామాలు కూడా ఉంటాయి, కూడబలుక్కుని చదవండి.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు పోయే దారి. ఇక చెప్పబోయేది పరువు పోయే దారి. పోలీసు స్టేషన్ దాకా తీసుకెళ్ళేది అదే. కొందరికి ఫీజులేమీ అడక్కుండానే ఉద్యోగం ఇస్తారు. మా విదేశీ విద్యార్థులు కట్టే ఫీజులు మీ ఖాతాకు వస్తాయి, అందులో మీ వాటా 5 శాతం ఉంచుకుని మిగతాది మేం చెప్పిన ఖాతాకు పంపండి అంటారు. టీచర్ల కోఆర్డినేటర్ అని హోదా కూడా ఇస్తారు. నిజానికి ఆ వచ్చే డబ్బు ఏ విద్యార్థి ఫీజూ కాదు. ఇంకో ఊళ్ళో, ఇంకో రాష్ట్రంలో ఇలాగే మోసపోయిన మరో మనిషి డబ్బు. ఆ మనిషి 1930కి ఫిర్యాదు చేయగానే డబ్బు ఏయే ఖాతాల మీదుగా వెళ్ళిందో పోలీసులు బ్యాంకుల ద్వారా ఆరా తీస్తారు. దారిలో ఉన్న ప్రతి ఖాతానూ నిలిపేస్తారు. మీ జీతం, మీ అమ్మ పింఛను, పిల్లల ఫీజు కోసం దాచినది, అన్నీ అందులోనే ఉంటే అన్నీ ఆగిపోతాయి. ఎక్కడో రాజస్థాన్ నుంచో మహారాష్ట్ర నుంచో నోటీసు వస్తుంది. తెలియక చేశానని మీరు నిరూపించుకోవాలి. ఖాతాను అద్దెకిచ్చినవాళ్ళ మీద మోసం కేసులు పడుతున్నాయి. టీచరు ఉద్యోగంలో ఎవరి డబ్బూ మీ ఖాతా మీదుగా పోవలసిన పని లేదు. ఆ మాట వినబడగానే జవాబు కూడా ఇవ్వకుండా ఆ నంబరును బ్లాక్ చేయండి.

కాగితాల విషయంలోనూ మనకు అలసత్వం ఎక్కువ. ఆధార్ అడిగితే ఫోటో తీసి పంపేస్తాం. మాస్క్‌డ్ ఆధార్ అని ఉంది, ఆధార్ సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతుంది, చివరి నాలుగు అంకెలే కనబడతాయి. అది పంపండి. పాన్ కాపీ మీద, ఫలానా సంస్థలో ఉద్యోగ దరఖాస్తు కోసం మాత్రమే అని రాసి, తేదీ వేసి, ఆ రాత కార్డు మీదికి అడ్డంగా వచ్చేలా ఇవ్వండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ సంస్థకూ ఇవ్వొద్దు, కొరియర్‌లో అసలే పంపొద్దు. మన ప్రైవేటు కాలేజీలు ఒరిజినల్స్ పట్టుకుని కూర్చునే దురలవాటు వల్ల అది మామూలేనని మన పిల్లలు అనుకుంటున్నారు. ఆ అలవాటును ఇంటర్నెట్ మీదికి కూడా తీసుకెళ్ళకండి.

విదేశంలోనే ఇంగ్లిష్ టీచరు ఉద్యోగం అన్నప్పుడు ప్రమాదం డబ్బుతో ఆగదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళను బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పజెప్పారన్నది అభియోగం. పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, తమ చేత తమ దేశంవాళ్ళనే ఫోన్లలో మోసం చేయించారని తిరిగొచ్చినవాళ్ళు చెప్పారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతపు స్థావరాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను థాయ్‌లాండ్‌లోని మే సాట్ నుంచి మన వైమానిక దళ విమానాలు రెండు విడతలుగా తీసుకొచ్చాయి. ఆ స్థావరాలకు కావలసింది ఇంగ్లిష్ రాయడం, మాట్లాడటం వచ్చిన యువత. ఒకసారి ఆలోచించండి, ఇంగ్లిష్ టీచరు కంటే వాళ్ళకు పనికొచ్చే మనిషెవరు? 2023 నవంబరు నుంచి థాయ్‌లాండ్ మనవాళ్ళను వీసా లేకుండా రానిచ్చింది. అది చూడ్డానికి వెళ్ళేవాళ్ళ కోసం. అక్కడ బడిలో పనిచేయాలంటే దానికి వేరే వీసా కావాలి, పని అనుమతి కావాలి. ముందు టూరిస్టులా దిగండి, కాగితాలు అక్కడ చూసుకుందాం అన్న ఏజెంటు మాట వినగానే వెనక్కి తిరగండి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కనబడుతుంది. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా తీసుకోగలిగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి కుదరదు. లక్షన్నర, రెండు లక్షలు అడిగితే అడిగినవాడు చట్టం బయట ఉన్నాడన్నమాట.

మోసం కాకపోయినా మోసపోయినట్టే మిగిల్చే నిజమైన ఉద్యోగాల గురించి కూడా చెప్పకపోతే ఈ హెచ్చరిక సగమే అవుతుంది. సంస్థ నిజం, డెమో నిజం, పాఠాలు నిజం. లెక్క మాత్రం వేసుకోం. పాఠానికి 200 అంటారనుకోండి. 50 నిమిషాల పాఠం, ముందు తయారీ 15 నిమిషాలు, తర్వాత తల్లిదండ్రులకు రిపోర్టు రాయడం 10 నిమిషాలు. వారానికి 20 పాఠాలంటే 4,000 రూపాయలు, 25 గంటలు. దానికి తోడు కొత్త పిల్లల్ని చేర్పించడానికి డెమో పాఠాలు, పిల్లాడు చేరితేనే డబ్బు, చేరకపోతే లేదు. అలాంటివి వారానికి ఆరు ఊరికే పోయాయంటే ఇంకో ఏడున్నర గంటలు. మొత్తం ముప్పై రెండున్నర గంటలకు 4,000, గంటకు 123 రూపాయలు. కరెంటు పోయి పాఠం తప్పితే జరిమానా. అమెరికా పిల్లల సాయంత్రం మన తెల్లవారుజాము, కాబట్టి నాలుగింటికి లేవాలి. ఒప్పందంలో మిమ్మల్ని ఉద్యోగి అనరు, స్వతంత్ర కాంట్రాక్టరు అంటారు. అంటే పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, ప్రసూతి సెలవు లేదు. టీడీఎస్ కోస్తారు. కోసింది మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైటులో ఫారం 26ఏఎస్‌లో చూసుకోండి, జమ చేయనివాళ్ళూ ఉంటారు. ఇదంతా తెలిసి, లెక్క వేసుకుని ఒప్పుకుంటే తప్పు లేదు. తెలియక ఒప్పుకోవడమే బాధ.

విదేశీ వేదికల లెక్కలు దాచినవి కావు, అడిగితే దొరుకుతాయి. ప్రెప్లీలో మొదట్లో మీ ఫీజులో 33 శాతం వాళ్ళది, చెప్పిన గంటలు పెరిగేకొద్దీ అది 18 శాతానికి దిగుతుంది. కొత్త విద్యార్థి మొదటి ట్రయల్ పాఠానికి కట్టే డబ్బంతా వాళ్ళే తీసుకుంటారు. క్యాంబ్లీలో పెద్దవాళ్ళతో మాట్లాడే పాఠాలకు నిమిషానికి 17 సెంట్ల లెక్కన ఇస్తూ వచ్చారు, ఆగకుండా మాట్లాడితే గంటకు 10 డాలర్ల 20 సెంట్లు. మీరు ఖాళీగా కూర్చున్న నిమిషాలకు ఏమీ రాదు. చాలా సంస్థలు మాతృభాషగా ఇంగ్లిష్ ఉన్న దేశాల వాళ్ళే కావాలని షరతు పెడతాయి. మనకది అన్యాయంగా తోస్తుంది, నాకూ తోస్తుంది. కానీ ఆ షరతు ఉన్నచోట మీకు మినహాయింపు ఇప్పిస్తామనేవాడిని నమ్మడం మాత్రం కుదరదు. చైనా పిల్లలకు చెప్పాలి అని ఎవరైనా అంటే 2021 గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడాది జులైలో చైనా ప్రభుత్వం విదేశాల్లో కూర్చున్న టీచర్లతో తమ పిల్లలకు ట్యూషన్ చెప్పించడాన్ని నిషేధించింది. అమెరికా, కెనడా టీచర్లతో నడిచిన విప్‌కిడ్ లాంటి పెద్ద సంస్థే ఆగస్టులో ఆ పాఠాల అమ్మకం ఆపేసింది. వేలమంది టీచర్లకు కొద్ది నెలల్లో పని పోయింది. ఎంత పెద్ద పేరైనా ఒక్క వేదిక మీదే ఇల్లు నడుపుకోకూడదని దానివల్ల తెలిసింది.

బాండు గురించి ఒక్క మాట. ఆరు నెలల్లో మానేస్తే యాభై వేలు కట్టాలి లాంటి షరతు మీద సంతకం అడిగితే, బాండ్లు కోర్టులో చెల్లవులే అని పక్కవాళ్ళు ధైర్యం చెబుతారు. అంత తేలిక కాదు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళ లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు సంగతి, ప్రతి బాండూ అలాగే నిలుస్తుందని కాదు. కానీ సంతకం చేసినదానికి విలువ లేదనుకుని చేయకండి.

కాలేజీలవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆ ప్రకటన నా విద్యార్థినికి ఎక్కడినుంచో రాలేదు, బీఈడీ గ్రూపులో ఒక లెక్చరర్ పెట్టగా వచ్చింది. ఆయన మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ మాస్టారు పెట్టారంటే పిల్లలకు అది ప్రకటన కాదు, సిఫారసు. ఇక మీదట ఉద్యోగ ప్రకటన ఏదైనా గ్రూపుల్లో పెట్టేముందు ఆ నంబరుకు మీరే ఫోన్ చేసి, మా పిల్లలకు డెమో ఎప్పుడు పెడతారు అని అడగండి. జవాబు దాటవేస్తే ఆ సందేశాన్ని అక్కడే తుడిచేయండి. బీఈడీ చివరి నెలలో ఒక పూట ఈ విషయం మీద క్లాసు పెట్టడానికి ఏ జీవో అక్కర్లేదు.

ఇప్పటికే డబ్బు కట్టినవారికి. ఇంకా కట్టకండి. పోయింది రాబట్టుకోవడానికి మరికాస్త పోయడమే వాళ్ళు కోరుకునేది. వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు వాళ్ళ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ, కాబట్టి తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. చెల్లింపు చేసినప్పుడు వచ్చిన యూటీఆర్ నంబరు, తేదీ, సమయం, అవతలి యూపీఐ చిరునామా దగ్గర పెట్టుకోండి. సిగ్గేసి చాట్ తుడిచేస్తారు చాలామంది, తుడవకండి, అదే సాక్ష్యం. మీ బ్యాంకుకూ చెప్పండి. డబ్బు పోకుండానే అనుమానపు సందేశం వస్తే టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులోని చక్షులో తెలియజేయండి, ఆ నంబరు మీద చర్యకు అది పనికొస్తుంది. ఇవన్నీ అయ్యాక మరో ఫోన్ రావచ్చు, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కొంచెమే అని. అదీ ఆ ముఠా పనే కావచ్చు.

ఇంట్లోవాళ్ళకు ఒక విన్నపం. నా విద్యార్థిని ఈ మాట పది రోజులు భర్తకు చెప్పలేదు. జూకాలు ఏవంటే విరిగాయి, బాగు చేయించడానికిచ్చానంది. తిడతారన్న భయమే ఆమె చేత రెండోసారీ మూడోసారీ డబ్బు కట్టించింది. మోసగాడికి బలం ఇచ్చేది ఆ భయమే. మీ ఇంటి ఆడపిల్ల, మీ కోడలు, మీ భార్య వచ్చి ఇలా డబ్బు పోయిందంటే, ఆ గంటలో తిట్టకండి. ముందు ఫోన్ అందుకుని 1930 నొక్కండి.

ఆమె విషయం. ఆ రాత్రే ఫిర్యాదు చేయడం వల్ల చివరగా పంపిన 12,500లో కొంత భాగం అవతలి ఖాతాలో ఉండగానే ఆగింది. అది చేతికి రావడానికి ఇంకా కాగితాలు తిరగాలి. మిగతాది పోయింది. వారం తర్వాత ఆమె ఇంకో చోట, ఒక కంపెనీ సొంత వెబ్‌సైటులో చూసి, తానే దరఖాస్తు పెట్టింది. వీడియో అడిగారు, పంపింది. ఇరవై నిమిషాల డెమో పెట్టారు. పదేళ్ళ పిల్లకి "ఐ ఏట్"కీ "ఐ హ్యావ్ ఈటెన్"కీ తేడా ఎలా చెబుతావని అవతలావిడ అడిగిందట. తెలుగులో రెండింటికీ తిన్నాను అనే అంటాం కదా, అక్కడే చిక్కుకున్నానని, చివరికి ఇంటి ముందు ఉదయం వేసిన ముగ్గు బొమ్మ గీసి చెప్పానని నాకు ఫోన్‌లో చెప్పింది. వేశాను అంటే పొద్దున జరిగిన పని, వేసి ఉంచాను అంటే ఇప్పుడు కళ్ళ ముందున్న ముగ్గు. డెమోలో సగం పైగా దానిమీదే గడిచిందట. డబ్బు మాట వాళ్ళెత్తలేదు, ఆమే అడిగింది, పాఠానికి ఎంత, డెమోకి ఎంత, జరిమానాలేమిటి అని. రాసి పంపుతామన్నారు. ఇంకా రాలేదు. వచ్చాక నాకు పంపి, ఇద్దరం చదివాకే సంతకం పెడతానంది.